గుర్రం నోట్లో ఇనుము: ఒక సంవాదం

ఉంచుదామనేవారు: గుర్రం తల విదిలించినా, నోరు తెరిచి పెనుగులాడినా, పగ్గం ఒక పక్కకు లాగితే మాట వినకపోయినా రౌతు మొదట అనే మాట పొగరెక్కిందని. ఆ తర్వాత అడిగేది ఇంకా కరుకైన కళ్లెం. ఈ రెండింటికీ మధ్య చేయాల్సిన పని ఒకటుంది, అది నోరు చూడడం. కళ్లెంలో నోట్లో ఉండే ఇనుము, అదే బిట్, పళ్ల మీద కూర్చోదు. ముందు పళ్లకీ వెనకటి నమిలే పళ్లకీ నడుమ దవడలో పళ్లు లేని ఖాళీ ఉంటుంది. బిట్ ఆనేది నాలుక మీద, ఆ ఖాళీలో దవడ ఎముక అంచు మీద, పెదవి మూలల మీద. ఆ ఇనుము తాకినా తాకకపోయినా గుర్రం పళ్లకు వాటి ఇబ్బందులు వాటికున్నాయి. మన పళ్లలా అవి ఒకసారి మొలిచి ఆగిపోవు. ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున చిగుళ్లలోంచి బయటికి వస్తూనే ఉంటాయి, గడ్డి నమలడంలో దాదాపు అంతే అరుగుతుంటాయి. పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు. అందుకే పై పళ్లకు బుగ్గ వైపు అంచు, కింది పళ్లకు నాలుక వైపు అంచు అరగక పదునైన మొనలుగా మిగిలిపోతాయి. రోజంతా పచ్చిక మేసే గుర్రం కంటే, కొట్టంలో కట్టేసి దాణా పెట్టే గుర్రానికి నమిలే పని తక్కువ కాబట్టి ఈ మొనలు త్వరగా తేలతాయి. కళ్లెం పట్టీ బుగ్గను లోపలికి నొక్కినప్పుడల్లా ఆ మొనలు బుగ్గ లోపల గీస్తాయి. అప్పుడు గుర్రం తల విదిలిస్తే అది పొగరు కాదు, నొప్పి. ఆ మొనల్ని వైద్యుడు ఆకురాయితో రాసి నునుపు చేస్తే అదే గుర్రం అదే బిట్‌తో కుదురుగా నడుస్తుంది. తప్పు పంటిదైనప్పుడు శిక్ష ఇనుముకు వేయడం ఎందుకు?

తీసేద్దామనేవారు: నోరు చూడాలన్న మాటలో మీకూ నాకూ తేడా లేదు. కానీ చూసినవాళ్లకు ఏం కనిపించిందో కూడా వినండి. ఫిన్లాండ్‌లో బండి పందేలు ముగిశాక 261 గుర్రాల నోళ్లు పరీక్షించారు. బిట్ తగిలే చోట కొత్త గాయాలున్నవి నూటికి 84. ఆ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. ఆ తర్వాత అదే దేశంలో, అడ్డంకులు దూకుతూ మైదానాల్లో పరుగెత్తే పోటీల నుంచి వచ్చిన 208 స్వారీ గుర్రాల నోళ్లు చూస్తే 52 శాతానికి గాయాలు. ఇవి రోడ్డున వదిలేసిన గుర్రాలు కావు, పోటీల కోసం పెంచి తెచ్చినవి. ఈ అంకెల పక్కన డెన్మార్క్ లెక్క పెట్టి చూడండి. అక్కడ 3,143 పోటీ గుర్రాలను బయటి నుంచి పరిశీలిస్తే పెదవి మూలల్లో గాయమో రక్తమో కనిపించినవి 9.2 శాతం. బయటి నుంచి చూస్తే పదింట ఒకటి, లోపలికి చూస్తే సగం నుంచి నాలుగింట మూడుకు పైగా. ఫిన్లాండ్ గుర్రాల్లో రక్తం నోటి బయటికి కనిపించడం చాలా అరుదు. అంటే ప్రేక్షకుడికి తెలియదు, న్యాయనిర్ణేతకు తెలియదు, పగ్గం పట్టిన రౌతుకే తెలియదు. మీరు నోరు చూడమంటున్నది బిట్‌ను కాపాడడానికి. నేను దాన్ని వద్దంటున్నది నోరు చూశాకే.

ఉంచుదామనేవారు: అంకెలు నిజమే, వాటిని దాచిపెట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ ఫిన్లాండ్ లెక్కా డెన్మార్క్ లెక్కా పక్కపక్కన పెట్టి తూచడానికి వీల్లేదు. ఆట వేరు, బిట్లు వేరు, చూసిన పద్ధతీ వేరు. పైగా ఆ ఫిన్లాండ్ పరిశీలనే ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. స్వారీ గుర్రాల్లో 14 నుంచి 17 మిల్లీమీటర్ల మధ్యరకం మందం బిట్ వేసిన వాటికంటే, బాగా సన్నటి బిట్ వేసిన వాటికీ బాగా లావుపాటి బిట్ వేసిన వాటికీ పెద్ద గాయాలయ్యే ముప్పు ఎక్కువని తేలింది. లావు బిట్ మెత్తన, సన్న బిట్ కరుకు అని తరాలుగా చెప్పుకుంటున్నాం. నోరు మూసుకున్నప్పుడు గుర్రం నాలుకే నోరంతా నిండి ఉంటుందనీ, అందులో లావుపాటి ఇనుముకు చోటే ఉండదనీ నోరు చూసినవాళ్లు చెప్పేదాకా మనకు తట్టలేదు. కాబట్టి గాయాలకు కారణం బిట్ అన్నది సగం నిజం. ఏ నోటికి ఏ బిట్, ఎంత వెడల్పు, ఎంత ఎత్తున కట్టాలి అన్నది మిగతా సగం. వెడల్పు చాలకపోతే పెదవి మూల నలుగుతుంది, ఎక్కువైతే బిట్ అటూ ఇటూ జారుతుంది. మరీ కిందికి కడితే మగ గుర్రాల కోరపళ్లకు తగులుతుంది. ఇవన్నీ సరిదిద్దుకోదగ్గవి. సరిదిద్దుకోదగ్గ తప్పు ఉన్నంత మాత్రాన పనిముట్టునే పారేయమనడం తొందరపాటు.

తీసేద్దామనేవారు: మధ్యరకం మందంలో ముప్పు తక్కువన్నది ఒప్పుకుంటాను. తక్కువ అంటే లేదని కాదు కదా. ఆ పళ్లు లేని ఖాళీలో ఎముక అంచు సన్నగా ఉంటుంది, దాని మీద కప్పు పలుచటి చర్మం, అడుగున కొవ్వు లేదు, కండ లేదు. ఇనుముకీ ఎముకకీ మధ్య ఆ పొర ఒక్కటే. ఎంత కొలిచి పెట్టినా, పరుగులో ఉన్న గుర్రం నోట్లో రౌతు బరువు తూలినప్పుడల్లా పడే ఒత్తిడిని ఏ కొలతా ఆపలేదు. ఇంకో మాట అడుగుతాను. పందెపు గుర్రాలకు బిట్ పెట్టే వయసు ఏమిటి? హైదరాబాద్ మలక్‌పేట పందెపు మైదానంలోనైనా మరెక్కడైనా థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రాలు రెండేళ్లకే పందెంలోకి దిగుతాయి. అంటే బిట్ అలవాటు అంతకుముందే మొదలవుతుంది. బిట్‌తో పరుగెత్తే ఆ ఏళ్లలోనే వాటి నోట్లో ఏం జరుగుతుంటుంది? గుర్రం పిల్లకు 24 పాలపళ్లు. సుమారు రెండున్నరేళ్ల నుంచి నాలుగున్నరేళ్ల లోపు అవన్నీ ఊడి, వాటి చోట పెద్ద పళ్లు వస్తాయి. నమిలే పళ్ల మీద పాత పాలపళ్ల పెంకులు వదులుగా వేలాడుతుంటాయి, చిగుళ్లు వాచి ఉంటాయి. నోరు అంతగా సలుపుతున్న వయసునే మనం ఇనుము పెట్టి పరుగెత్తించే వయసుగా ఎంచుకున్నాం. ఇది బిట్ కొలత తప్పు కాదు. పందెం క్యాలెండర్ గుర్రం ఎదుగుదలను లెక్కచేయకపోవడం.

ఉంచుదామనేవారు: ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి నోరు పరీక్ష చేయించడం, పెంకు వేలాడుతుంటే తీసేదాకా పని ఆపడం నేను చెప్పగలిగినవి. వుల్ఫ్ టూత్ సంగతీ అంతే. పై దవడలో మొదటి నమిలే పన్ను ముందు మొలిచే గోరంత పన్ను అది. ఐదో నెల నుంచి ఏడాది లోపు బయటపడుతుంది, నమలడానికి అక్కరకు రాదు. కొన్నిసార్లు అసలు బయటికి రాక చిగురు కింద గట్టి బుడిపెలా ఉండిపోతుంది, బిట్ తగిలినప్పుడల్లా నొప్పెడుతుంది. బిట్ పెట్టకముందే చూసి తీయించడం మేలు. కానీ బిట్ తీసేస్తే ఈ బాధలన్నీ పోతాయన్న మీ నమ్మకాన్నీ పరీక్షించుకోండి. బిట్ లేని కళ్లెం ముక్కు మీద, బుగ్గల మీద పట్టీ బిగించి పనిచేస్తుంది. ఆ పట్టీ బుగ్గను నొక్కేది ఎక్కడ? పై పళ్ల పదును మొనల మీదే. బిట్ తీసినంత మాత్రాన పళ్లు నునుపు కావు. కొన్ని రకాల బిట్ లేని కళ్లేలకు ఇనుప కాడలుంటాయి, వాటితో లాగితే ముక్కు ఎముక మీద మీటలా ఒత్తిడి పడుతుంది. ముక్కు దూలం చివర ఎముక సన్ననిదే, అదీ గాయపడేదే. నోట్లోంచి తీసి ముక్కు మీద పెట్టిన నొప్పి తక్కువ నొప్పి ఎలా అవుతుంది?

తీసేద్దామనేవారు: బిట్ లేని గుర్రానికీ పళ్ల పరీక్ష తప్పదు. ఆ మాట నేనే ముందు చెప్పాల్సింది. బిట్ వద్దనేవాళ్లలో కొందరు పళ్ల సంగతే మరిచిపోతారు, అది గుర్రానికి చేసే అన్యాయమే. కాడలున్న కళ్లెం గురించి కూడా మీరన్నది ఒప్పు. అయినా ఒక తేడా మిగిలే ఉంటుంది, నా వాదన బలమంతా దాంట్లోనే ఉంది. ముక్కు మీద పట్టీ ఒరిస్తే అక్కడ వెంట్రుక రాలుతుంది, చర్మం కందుతుంది, వాపు తేలుతుంది. దారినపోయేవాడికి కూడా కనిపిస్తుంది. ఎవరైనా అడగగలరు, యజమాని సిగ్గుపడగలడు, పోలీసు కేసు పెట్టగలడు. నోట్లో అయ్యే గాయం మూసిన పెదవుల వెనక ఉంటుంది. ఆ నోరు రోజూ తెరిచి చూడగలిగేది గుర్రాన్ని వాడుకుంటున్నవాడే. నొప్పి ఎంత అన్నదొక్కటే కాదు నా ప్రశ్న, ఆ నొప్పికి సాక్షి ఎవరు అన్నది కూడా.

ఉంచుదామనేవారు: సాక్షి లేకపోవడం పెద్ద లోపమే. దానికి జవాబు సాక్షిని పెట్టడం. అది తర్వాత మాట్లాడదాం, ముందు ప్రాణాల సంగతి తేల్చండి. పందెపు గుర్రం నాలుగైదు వందల కిలోలుంటుంది. హైదరాబాద్‌లో పోలీసు గుర్రాలు జనం మధ్య నిలబడాలి. జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్‌కు కొత్తగా ఎంపికైనవాళ్లు స్వారీ నేర్చుకుంటారు, వాళ్లలో చాలామందికి గుర్రమెక్కడం అదే మొదటిసారి. పెళ్లి ఊరేగింపులో బ్యాండు, టపాసులు, లైట్ల నడుమ వరుణ్ణి మోస్తూ గుర్రం నడవాలి. అది బెదిరిన క్షణంలో ఆపగలగాలి. ముక్కుపట్టీతో కొన్ని గుర్రాలు హాయిగా నడుస్తాయి, కాదనను. దూకే పోటీల్లో బిట్ లేకుండా పోటీపడేవాళ్లూ ఉన్నారు. కానీ తెలియని రౌతు, కిక్కిరిసిన వీధి, బెదిరిన గుర్రం, ఈ మూడూ కలిసిన చోట నేను బిట్ లేకుండా నిలబడలేను. మెత్తటి చేతిలో బిట్ అంటే నొప్పి కాదు, అది వేలి కొసలతో చెప్పే మాట. ఆ భాష నేర్చిన గుర్రానికి చిటికెడు కదలిక చాలు.

తీసేద్దామనేవారు: మెత్తటి చేయి ఉన్నచోట ఆ మాట నిజం. కానీ బెదిరిన గుర్రాన్ని ఆపేటప్పుడు మెత్తటి చేయి ఎవరికుంటుంది? అప్పుడు పడేది నిండు బలం. గుర్రం నొప్పికి ఆగే జంతువు కాదు, నొప్పి నుంచి పారిపోయే జంతువు. నోట్లో నొప్పి పెరిగే కొద్దీ తల పైకెత్తి, నోరు తెరిచి, బిట్‌ను తప్పించుకుంటూ ఇంకా వేగంగా పోతుంది. దాన్ని ఆపేది తర్ఫీదు. బిట్ ఆపిందని మనం అనుకునే చోట చాలావరకు ఆపింది ఆ తర్ఫీదే. అయితే మీ మాటలో ఒక భాగానికి తలవంచుతాను. పదేళ్లుగా బిట్‌కు అలవాటుపడిన పెళ్లి గుర్రానికి రేపు సాయంత్రం ఊరేగింపు ముందు కళ్లెం మార్చేసి టపాసుల మధ్యకు పంపమని నేను చెప్పను. అది దానికీ ప్రమాదం, చుట్టూ ఉన్న పిల్లలకూ ప్రమాదం. నేనడిగేది కొత్తగా తర్ఫీదిచ్చే గుర్రాల విషయం. వాటికి మొదటి పాఠం ఇనుముతో ఎందుకు మొదలవ్వాలి?

ఉంచుదామనేవారు: పెళ్లి గుర్రాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, ఇక్కడ మనిద్దరం ఒకే వైపు. ముళ్ల బిట్లు ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. నోట్లో తిరిగే ఇనుప పళ్లేలకు ముళ్లు, పగ్గం లాగితే అవి నాలుకలోకి, బుగ్గలోకి దిగుతాయి. బండి లాగే, బరువు మోసే జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే 1965 నాటి కేంద్ర నిబంధనల్లో ఎనిమిదో నియమం వీటిని నిషేధించింది. ముళ్లు, బుడిపెలు, గాయమో వాపో తీవ్ర నొప్పో కలిగించే పదునైన సామగ్రి ఏదీ వాడకూడదని స్పష్టంగా ఉంది. అరవై ఏళ్లుగా నేరమే. దీని మీద వాదనకు చోటు లేదు, పట్టుకుని తీసేయించడమే మిగిలింది.

తీసేద్దామనేవారు: ఆ నియమాన్ని ఇంకోసారి చదవండి. గాయం, వాపు కలిగించే అవకాశమున్న పదునైన సామగ్రి అంది. నున్నటి బిట్ దాని కిందికి రాదనుకుంటున్నాం, పదును లేదు కాబట్టి. ఫిన్లాండ్ నోళ్లలో గాయాలు చేసినవి ముళ్ల బిట్లు కావు. చట్టం ఇనుము ఆకారం చూసింది, నోటి పరిస్థితి చూడలేదు. ఇక పరీక్ష ఎవరు చేస్తారంటారు? పెళ్లి గుర్రం యజమానికి గుర్రపు దంతాలు తెలిసిన వైద్యుడు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఉంచుదామనేవారు: వైద్యుడు చేయాల్సింది వైద్యుడే చేయాలి. కానీ రోజూ చూడాల్సింది గుర్రాన్ని చూసుకునే సాయిస్. కళ్లెం విప్పగానే గుర్రానికి పక్కగా నిలబడి, పెదవి మూల కాస్త పైకి లాగి లోపలి వైపు చూడాలి. ఎర్రగా ఒరిసిందా, పాత దెబ్బ మానిన తెల్ల మచ్చ ఉందా? తర్వాత బొటనవేలు ఆ పళ్లు లేని ఖాళీలో పెడితే చాలా గుర్రాలు తమంతట తామే నోరు తెరుస్తాయి. రెండు పక్కలా ఎముక అంచును వేలితో తడమాలి. నునుపుగా ఉండాల్సిన చోట గరుకు తగిలినా, వాపు తగిలినా, వేలు ఆనగానే గుర్రం తల లాక్కున్నా ఆ నోట్లో మర్నాడు బిట్ పెట్టకూడదు. బయటి నుంచి బుగ్గ మీద వేళ్లతో పై పళ్ల వరస వెంట మెల్లగా నొక్కుకుంటూ వెళ్తే, మొనలున్న చోట అది ముఖం తిప్పేస్తుంది. అంతకు మించి చేయి లోపలికి పోనివ్వకూడదు, వెనకటి పళ్ల మధ్య పడితే వేలు నుజ్జవుతుంది. ఆ పళ్లు చూడాలంటే నోరు తెరిచి నిలిపే ఇనుప చట్రం, తలకు లైటు, అద్దం, మత్తు మందు, వాటితో పని తెలిసిన వైద్యుడు కావాలి. వైద్యుణ్ణి ఎప్పుడు పిలవాలో మేతే చెబుతుంది. సగం నమిలిన గడ్డి ముద్దలు కింద పడుతుంటే, పేడలో పొడుగాటి గడ్డి పోచలు అలాగే వస్తుంటే, ఒక ముక్కు రంధ్రం నుంచి మాత్రమే కంపుకొట్టే చీమిడి కారుతుంటే ఆలస్యం చేయకూడదు. పై దవడ వెనకటి పళ్ల వేళ్లు ముక్కు పక్క గాలి గదుల్లోకి ఉంటాయి. అక్కడ పన్ను పుచ్చితే చీము ముక్కులోంచి వస్తుంది.

తీసేద్దామనేవారు: మీరు చెప్పినట్లు ప్రతి కొట్టంలోనూ జరిగితే నా వాదన సగం పలుచబడుతుంది, అది ఒప్పుకుంటున్నాను. నాకు మిగిలే భయం వేరు. పరీక్ష ఒక అనుమతి పత్రం అయిపోతుంది. పళ్లు రాయించాం, ఇక బిట్ పెట్టొచ్చు, ఇక ఎంత లాగినా పర్వాలేదు అన్న ధీమా వస్తుంది. ఇప్పటికే చూడండి, మొదటి నమిలే పళ్ల ముందు భాగాన్ని గుండ్రంగా చెక్కేసి బిట్‌కు చోటు చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మోటారు ఆకురాయితో అదే పనిగా రాస్తే పన్ను వేడెక్కి లోపలి జీవనాడి దెబ్బతింటుంది, ఎక్కువ చెక్కితే అదే బయటపడుతుంది. గుర్రం పన్ను మళ్లీ మొలవదు. చిగురు కింద దాచి ఉంచిన నిల్వ ఏడాదికి కొంచెంగా బయటికి రావడమే దాని జీవితకాలం. బిట్ సౌకర్యం కోసం ఆ నిల్వ అరగదీయడం, చెప్పుకు సరిపోవాలని కాలు చెక్కడం లాంటిది.

ఉంచుదామనేవారు: అతిగా రాయడం తప్పే. గాయపరిచే మొన తీయాలి, నమిలే ఒరిపిడి ఉంచాలి. అంతకు మించి చేసేవాడు వైద్యుడైనా వ్యాపారైనా ఆపాల్సిందే. అనుమతి పత్రం అన్న మీ భయానికి మాత్రం నా జవాబు ఒకటే. పరీక్ష బిట్ పెట్టకముందు ఒక్కసారి చేసి ఊరుకునేది కాకూడదు. తీశాక కూడా చేయాలి. ముందు పరీక్ష గుర్రం సిద్ధంగా ఉందా అని చెబుతుంది, తర్వాతి పరీక్ష మనం ఏం చేశామో చెబుతుంది. రెండోది లేకపోతే మొదటిదానికి విలువ లేదు.

తీసేద్దామనేవారు: ఆ రెండో పరీక్షలో గాయం కనిపిస్తే?

ఉంచుదామనేవారు: మానేదాకా ఆ నోట్లో ఇనుము పెట్టను. బిట్ మార్చినా, పళ్లు సరిచేసినా, చేయి మెత్తబరిచినా గాయం మళ్లీ మళ్లీ తేలితే, ఆ గుర్రానికి బిట్ లేని కళ్లెం మీరు చెప్పినట్లే మంచిది. అన్ని గుర్రాలకూ వద్దన్న మీ మాట దాకా రాలేను.

తీసేద్దామనేవారు: నేను ఆ మాట వదులుకోలేను. అయినా మనిద్దరం కలిసి అడగగలిగింది ఒకటుంది. పందేల్లో గెలిచిన గుర్రాల నుంచి డోపింగ్ పరీక్షకు నమూనాలు తీసుకుంటారు. గెలుపు న్యాయంగా వచ్చిందో లేదో చూడడానికి అంత శ్రద్ధ పెట్టే చోట, ఆ గెలుపు నోట్లో ఏం మిగిల్చిందో చూడడానికి రెండు నిమిషాలు చాలు. గెలిచినవే కాదు, ఓడినవాటి నోళ్లూ చూడాలి. పందెం క్లబ్బుల్లో, పోలీసు గుర్రపు శాలల్లో, స్వారీ బడుల్లో కళ్లెం విప్పిన వెంటనే వైద్యుడు నోరు చూసి, ఏం కనిపించిందో రాసి, ఏడాదికోసారి ఆ లెక్కలు జనం ముందు పెట్టాలి. మీరు చెప్పేది నిజమైతే ఆ అంకెలు ఏటేటా తగ్గాలి. తగ్గకపోతే ఇనుము బయటికి రావాలి. ముందు లెక్క మొదలుపెట్టించండి.